పార్కు గేటు బయట ఆగిపోయిన బైపీసీ పిల్లల తరఫున

తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యామండలి అధికారులకు,
అటవీ శాఖ అధికారులకు,
హైదరాబాద్ నగర పార్కులను చూసుకునే విభాగాల అధికారులకు,

నమస్కారం.

నేను ఈ నగరంలో ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో బోటనీ లెక్చరర్‌ని. ఉద్యోగంలో చేరి ఇరవయ్యేళ్లు దాటింది. మీ ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణముంది. నేను అడగబోయేది బైపీసీ పిల్లలకు పార్కుల్లో, అడవుల్లో ఆరుబయట పాఠం చెప్పే వీలు. అది మీలో ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తిగా లేదు. బోర్డును అడిగితే పార్కులు మా పరిధిలో లేవంటారు. పార్కుల వాళ్లను అడిగితే చదువుల సంగతి మాకు సంబంధం లేదంటారు. అటవీ శాఖకు ఉన్న అడవిని కాపాడుకోవడమే తలకు మించిన పని. ముగ్గురి మాటా నిజమే. ఆ మూడు నిజాల నడుమ గేటు బయట నిలబడిపోతున్నది మా పిల్లలు.

జరిగింది చెబుతాను.

రెండున్నరేళ్ల కిందట, బతుకమ్మ ఇంకో పది రోజులుందనగా, ఫస్టియర్ బైపీసీ పిల్లలు 26 మందిని వెంటబెట్టుకుని, కాలేజీకి పావుగంట నడక దూరంలో ఉన్న ఒక పార్కుకు బయల్దేరాను. ఆ రోజు చెప్పాల్సింది ఫాబేసి కుటుంబం. పుస్తకంలో ధ్వజం, బాహువులు, ద్రోణి అని ఒక నలుపు తెలుపు బొమ్మ ఉంటుంది. పార్కు కంచె మీద శంఖుపుష్పం తీగ విరగబూసి ఉందని నేను ముందురోజు సాయంత్రమే చూసి వచ్చాను. పువ్వొకటి చేతిలో పెట్టి, రేకులు ఒక్కొక్కటీ విడదీయమంటే పది నిమిషాల్లో అర్థమైపోతుంది. బోర్డు మీద గీసి చెబితే ఏడాదంతా బట్టీ పడతారు, పరీక్షయ్యాక మరిచిపోతారు. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. తల్లిదండ్రుల సంతకాలు తెచ్చుకున్నాం. పిల్లల చేతుల్లో నోటుబుక్కులు, నా సంచిలో రెండు భూతద్దాలు.

గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. "గుంపుగా రావొద్దు మేడమ్, పర్మిషన్ లెటర్ ఉందా?" అన్నాడు. ఎవరిస్తారని అడిగితే ఒక ఆఫీసు పేరు చెప్పాడు. ఆ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఇంకో ఆఫీసు నంబరిచ్చారు. అక్కడ, స్కూలు పిల్లల విహారయాత్రలకైతే ఒక పద్ధతుంది, కాలేజీ క్లాసుకు లేదు, రాసిపెడితే పైకి పంపుతాం అన్నారు. ఆ కాపలా మనిషి మీద నాకు కోపం లేదు. ఆయన చివరికి నాకు కుర్చీ తెచ్చి వేశాడు, పిల్లలకు మంచినీళ్లిచ్చాడు. లోపలికి పంపే అధికారం ఆయనకు లేదు, అంతే. గంటకు పైగా ఆ ఫుట్‌పాత్ మీదే నిలబడి వెనక్కి వచ్చాం.

ఆ గంటలో ఒకటి జరిగింది. ప్రహరీ గోడకూ మురుగు కాలువకూ మధ్య జానెడు మట్టిలో కలుపుమొక్కలు లేచాయి. ఒక అమ్మాయి అక్కడ గొంతుకూర్చుని, "మేడమ్, గిది గునుగు పువ్వే గద? మా అమ్మమ్మోళ్ల ఊర్ల చేన్లల్ల మస్తుంటది, బతుకమ్మల పెడ్తం" అంది. అవునమ్మా, దీన్ని శాస్త్రంలో సెలోసియా అర్జెన్షియా అంటారు, అమరాంథేసి కుటుంబం, అంటే మన తోటకూర కుటుంబమే అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, "తోటకూరకు చుట్టమా? అందుకేనా మేడమ్, మా అమ్మమ్మ దీని లేతాకు కూర వండుతది?" అని అడిగింది.

అయ్యా, అమ్మా, ఆ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రెండు మొక్కల మధ్య పోలిక పట్టింది. బంధుత్వం ఉంటే గుణమూ కలుస్తుందేమోనని ఊహించింది. తన ఇంట్లో చూసినదాన్ని సాక్ష్యంగా తెచ్చి నిలబెట్టింది. జీవులకు పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ కాలం నుంచీ వర్గీకరణ శాస్త్రం చేస్తున్న పని ఇదే. పదహారేళ్ల పిల్ల మురుగు కాలువ పక్కన కూర్చుని ఎవరూ నేర్పకుండా చేసింది. నా సర్వీసులో అంతకంటే మంచి ప్రశ్న క్లాసులో నాకు ఎవరూ వేయలేదు.

ఆ అమ్మాయి నీట్ రాసింది. సీటు రాలేదు. ఇప్పుడు ఒక మందుల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేస్తోంది. కష్టపడి ఇల్లు నడుపుతోంది, ఆ పనిని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. నా బాధంతా ఒకటే. తనకు వచ్చిన ఆ ప్రశ్నతో బతకొచ్చని, దానికి జీతమిచ్చే కార్యాలయాలు ఇదే నగరంలో ఉన్నాయని ఆ పిల్లకు ఎవరూ చూపించలేదు. ఆ ఎవరూలో నేనూ ఉన్నాను.

మన ఇళ్లలో బైపీసీ అంటే డాక్టరు. ఆ మాటకు రెండో అర్థం లేదు. పదో తరగతి ఫలితాలు రాగానే బంధువులంతా "డాక్టర్ అవుతావా?" అంటారు, పిల్ల తలూపుతుంది. రెండేళ్ల తర్వాత సీటు రాకపోతే ఆ తలే వంచుకుంటుంది. మెడికల్ సీట్లెన్నో, రాసేవాళ్లెందరో మీకు నాకంటే బాగా తెలుసు. మిగిలిన పిల్లలంతా జీవశాస్త్రంలో ఓడిపోయినట్టు అనుకుంటారు. వాళ్లు పోగొట్టుకున్నది ఒక సీటు. జీవశాస్త్రం వాళ్ల చేతికి అసలు అందనే లేదు.

అత్తాపూర్‌లో, జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వారి అంతరించిపోతున్న జాతుల పరిశోధనశాల ఉంది. అందరూ లాకోన్స్ అంటారు. కృత్రిమ గర్భధారణతో 2006లో ఒక చుక్కల జింక పిల్ల పుట్టింది అక్కడే. అదే అత్తాపూర్‌లో జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. చెరువుల్లో బతికే చేపలూ నత్తలూ పురుగులూ ఏవి ఎక్కడున్నాయో లెక్క తీయడం వాళ్ల పని. మొక్కల లెక్క తీసే బొటానికల్ సర్వే వారి దక్కన్ ప్రాంతీయ కేంద్రమూ ఈ నగరంలోనే ఉంది. దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ, సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ, పటాన్‌చెరులో 1972 నుంచీ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. తిరుపతి దాకా వెళ్లగలిగితే సైన్స్ డిగ్రీ చదివించే కేంద్ర సంస్థ ఐసర్. దానికి వేరే ప్రవేశ పరీక్ష ఉందని మా కాలేజీలో చాలామందికి దరఖాస్తు గడువు దాటాక తెలుస్తుంది. మా పిల్లలు రోజూ ఎక్కే బస్సులు వీటిలో కొన్నింటి గోడల పక్క నుంచే పోతాయి. చెట్లు గుబురుగా ఉన్న పెద్ద ప్రహరీ కనిపిస్తే అది ఏదో పెద్దవాళ్ల జాగా అని వాళ్లు అనుకుంటారు.

ఈ విషయంలో నాకు కళ్లు తెరిపించిన పిల్లాడు ఒకడున్నాడు. పోయినేడాది ఒక ఆదివారం సొంత ఖర్చులతో పదకొండు మందిని అమీన్‌పూర్ చెరువుకు తీసుకెళ్లాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చిన చెరువది. మన దేశంలో నగరం నడుమ ఉన్న జలాశయానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. నీటి పురుగుల మీద పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయిని బతిమాలి పిలిపించాను. ఆమె చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నీళ్లలోకి దిగింది. జల్లెడలాంటి వలతో బురద తీసి తెల్లటి పళ్లెంలో పోసింది. పళ్లెంలో తూనీగ పిల్లలు, నత్తలు, నీటి తేళ్లు కదిలాయి. తూనీగ పిల్ల నీళ్లలో బతుకుతుందని మావాళ్లలో సగం మందికి అప్పుడే తెలిసింది. ఏ పురుగు ఉంటే నీళ్లు ఎంత మంచివో చెప్పొచ్చని ఆమె వివరిస్తుంటే, ఆటో నడిపే ఒకాయన కొడుకు వెనక నిలబడి చాలాసేపు విన్నాడు. ఆఖరికి, "అక్కా, మీరు రోజూ గిట్ల పురుగులు చూసుకుంట తిరుగుతె పైసలిస్తరా?" అని అడిగాడు. ఆమె నవ్వలేదు. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ పరీక్ష పాసైతే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అని, తను ఏ ఊరి నుంచి వచ్చిందో, నాన్న ఏం చేస్తాడో చెప్పింది. ఆ పిల్లాడు తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. దిగేటప్పుడు నా దగ్గరికొచ్చి, ఆ పరీక్ష పేరు చేతి మీద రాయమన్నాడు.

కెరీర్ గైడెన్స్ పేరుతో మా కాలేజీలో ఏటా ఒక సభ జరుగుతుంది. పవర్ పాయింట్ చూపిస్తారు. ఆ సభ తర్వాత ఎవరూ నా దగ్గరికి రాలేదు. బురద నీళ్లలో నిలబడిన మనిషిని చూశాక వచ్చారు. శాస్త్రవేత్త అంటే మా పిల్లల కళ్లకు తెల్లకోటు వేసుకున్న ఫొటో. తమలాంటి ఇంటి నుంచి వచ్చి, తమ భాష మాట్లాడి, తమ చెరువులోనే దిగిన మనిషి ఆ ఫొటో పక్కన నిలబడితే తప్ప ఆ దారిలో తామూ నడవొచ్చన్న ఆలోచన రాదు. అలాంటి మనిషి, పిల్లలు ఒకచోట కలవడానికి నగరంలో మిగిలింది పార్కు, చెరువు గట్టు, అడవి ముక్క.

ఇప్పుడు ప్రాక్టికల్స్ గురించి. బోర్డు వారు దయచేసి ఈ భాగం నిదానంగా చదవాలి.

బోటనీకి 30 మార్కులు, జువాలజీకి 30. ప్లాస్మాలిసిస్ చూపించడానికి మాకు రియో ఆకు కావాలి. ఆకు అడుగున ఊదారంగు పొర ఉంటుంది. దాన్ని గోటితో ఒలిచి, ఉప్పునీళ్లలో వేసి, సూక్ష్మదర్శిని కింద పెడితే కణంలోని రంగు ముద్దలా ముడుచుకుపోవడం కళ్లారా కనబడుతుంది. మా ల్యాబులో ఆ మొక్క లేదు. కుండీలో పెంచితే వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు లేక చచ్చిపోయింది. ఈ నగరంలో పార్కుల దారుల అంచులన్నీ రియోతోనే నింపుతారు, బారులు బారులుగా. మేం నలుగురికి ఒక ఆకు కోసుకోవాలంటే పూలూ ఆకులూ కోయరాదన్న బోర్డు అడ్డం వస్తుంది. కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ బుడగలు చూపించడానికి హైడ్రిల్లా అనే నీటి మొక్క కావాలి. చెరువులో నుంచి పీకి గట్టున కుప్ప పోస్తారు. మాకు మాత్రం ఆ ప్రయోగం బొమ్మగానే మిగులుతుంది. సొలనేసి కుటుంబం చెప్పడానికి ఉమ్మెత్త కావాలి, అది ఖాళీ జాగాలో దొరుకుతుంది. ఖాళీ జాగాలే దొరకడం లేదు.

ఇక రికార్డు. పిల్లలు ఏడాది చివర ఒకే పుస్తకం చూసి అందరూ ఒకే బొమ్మ దించుతారు. తప్పుగా గీసిన పరాగకోశం ఒకరి రికార్డు నుంచి 60 రికార్డుల్లోకి వెళ్తుంది. నేనూ సంతకం పెడుతూ వచ్చాను. చూసింది గీయమనే ధైర్యం నాకెందుకు రాలేదంటే, చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

పర్యావరణ విద్య సంగతీ ఇంతే. దేశంలో ప్రతి విద్యార్థికీ పర్యావరణం నేర్పాలని 1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాని ఫలితంగానే మనకు ఫస్టియర్‌లో పర్యావరణ విద్య అర్హత పరీక్ష ఉంది. తలుపులు వేసిన గదిలో, ఫ్యాను కింద కూర్చుని, అడవుల నరికివేత వల్ల కలిగే నష్టాలు ఐదు రాస్తారు. ఆ ఐదు నష్టాలు రాసిన పిల్లల్లో ఎందరికి తమ కాలేజీ ముందున్న చెట్టు పేరు తెలుసో ఈ సంవత్సరం అడిగి చూశాను. 61 మందిలో 9 మంది చెప్పారు. అది కానుగ.

పిల్లలు చూడరని కాదు. చూసే అలవాటును మనమే తీసేశాం. మా చిన్నప్పుడు తొలకరి పడి ఆరుద్ర కార్తె వచ్చిందంటే చెలకల్లో ఆరుద్ర పురుగుల కోసం పరిగెత్తేవాళ్లం. ఎర్రటి మఖమల్ గుండీలాంటి పురుగు, ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటుంది. అది నిజానికి పురుగు కూడా కాదు, ఎనిమిది కాళ్ల జీవి, సాలెపురుగుకు చుట్టం. ఏడాదిలో ఎక్కువ రోజులు మట్టిలోనే ఉండి, మొదటి వాన తడికి పైకి వస్తుంది. ఆ రాకను చూసి కాలాన్ని గుర్తించిన రైతులు చేసిన పనికి ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో ఫినాలజీ అని పేరు. ఏ చెట్టు ఏ వారంలో చిగురేసింది, ఎప్పుడు పూసింది, కాసింది అని బడిపిల్లల చేత రాయించి, వాతావరణం మారుతున్న తీరును అంచనా కట్టే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం మన దేశంలోనే నడుస్తోంది. ఒక చెట్టు, ఒక పిల్ల, వారానికొకసారి రెండు నిమిషాలు. ఖర్చు లేదు.

కానీ ఆరుద్ర పురుగుకు మట్టి కావాలి. మన పార్కుల్లో మట్టి ఏటికేడు తగ్గుతోంది. పేవర్ బ్లాకులు, ఓపెన్ జిమ్‌లు, ఫౌంటెన్లు, రాత్రంతా వెలిగే లైట్లు. ఎండుటాకు రాలితే చాలు ఊడ్చి మూటగట్టేస్తారు. ఆ ఆకుల కింద రోకలిబండ పురుగులు, చీమలు, బూజులు, వానపాములు కలిసి నేల తయారుచేస్తుంటాయి. పుస్తకంలో విచ్ఛిన్నకారులు అని ఒక పేరాలో చదివేది అక్కడే ఉంటుంది. నేనూ ఉదయం నడకకు వెళ్లేదాన్నే. నడిచేవాళ్లకు దారి ఉండాలి. పార్కులో ఒక మూల, పది గజాలైనా సరే, ఊడ్వకుండా, రాళ్లు పరచకుండా వదలండి. మా జువాలజీ క్లాసుకు అది చాలు.

చెట్ల ఎంపికలో కూడా ఒక మాట. రోడ్ల డివైడర్ల మీద వేగంగా పెరుగుతుందని కోనోకార్పస్ వరుసలు నాటాం, తర్వాత వద్దనుకున్నాం. ఇక్కడి పిట్టకూ పురుగుకూ పెద్దగా పనికిరాని చెట్టని నాటేముందు అడిగితే చెప్పేవాళ్లు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. రేల, మోదుగ, కానుగ, జమ్మి ఉన్నచోట పిల్లలు నిలబడితే కథలు వాటంతటవే వస్తాయి. దసరా రోజు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టే రాష్ట్రం మనది. జమ్మి మన రాష్ట్ర వృక్షం. ఎకరాలకొద్దీ పార్కుల్లో జమ్మి ఎక్కడుందో వెతికి చూపించమని మావాళ్లకు పని పెట్టాను. ఇద్దరికే దొరికింది, రెండూ గుడి దగ్గరివే.

అదే దసరా నాడు పాలపిట్టను చూడాలని కోరుకుంటాం. పట్టి పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లు తయారయ్యారు. అటవీ శాఖవారు ఏటా వాటిని విడిపిస్తూనే ఉన్నారు, దానికి మీకు చేతులెత్తి మొక్కాలి. 2023లో వచ్చిన దేశ పక్షుల స్థితి నివేదికలో పాలపిట్ట సంఖ్య బాగా తగ్గుతోందని, దాని ప్రమాద స్థాయిని మళ్లీ పరిశీలించాలని చెప్పారు. ఆ నివేదిక ఎలా తయారైందో పిల్లలకు చెబుతుంటే వాళ్ల కళ్లు మెరిశాయి. 30,000 మంది మామూలు మనుషులు, ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు తాము చూసిన పిట్టలను రాసి పంపితే, ఆ మూడు కోట్ల నమోదుల మీద లెక్కకట్టారు. డిగ్రీ అడగలేదు, చూపు అడిగారు. మన రాష్ట్ర పక్షి గురించి ఆ లెక్కలో మా కాలేజీ పిల్లల పేరు ఒక్కటీ లేదు. వాళ్లను పిట్టలున్న చోటికి రానిస్తే వచ్చే ఏడాదికే ఉంటుంది.

ఇలా నడిచి రాసిపెట్టిన కాగితాలకు ఎంత విలువో ఈమధ్యే మనమంతా చూశాం. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. భూమి ఎవరిదన్న వాదనలోకి నేను వెళ్లను, అది నా ఉత్తరం పని కాదు. కానీ అక్కడ ఏమేం బతుకుతున్నాయన్న ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పగలిగింది ఎవరు? దాని పక్కనున్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పొదల్లో ఏళ్ల తరబడి తిరిగి పక్షుల జాబితాలు రాసుకున్న విద్యార్థులు, పక్షి ప్రేమికులు. రెండు వందలకు పైగా పక్షి జాతులు వాళ్ల పుస్తకాల్లో ఉన్నాయి. మురీసియా హైదరాబాదెన్సిస్ అనే సాలెపురుగును 2010లో శాస్త్రలోకానికి కొత్తగా పరిచయం చేసి, దాని పేరులోనే మన ఊరిని పెట్టారు. మన నగరం పేరు మోస్తున్న జీవి అది. ఏ రాతిబండ కింద ఇంకేముందో వెతికేవాళ్లు తగ్గిపోతే, రేపు ఏదైనా ఒక జాగా గురించి అడిగినప్పుడు చెప్పడానికి మన దగ్గర మనిషి ఉండడు.

ఈ ఊరికి ఇది కొత్తేమీ కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, బేగంపేట ఆస్పత్రిలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు, 1902లో నోబెల్ అందుకున్నాడు. అంతవరకూ అందరికీ తెలుసు. ఆ దోమ ఎక్కడిదో ఎవరూ చెప్పరు. ఆయన దగ్గర పనిచేసే స్థానికులు చుట్టుపక్కల నీటిగుంటల్లో వెతికి పిల్లపురుగులను సీసాల్లో తెచ్చేవాళ్లు. అప్పటిదాకా పరీక్షించినవి వేరే రకం దోమలు. ఆ ఆగస్టులో, రెక్కల మీద మచ్చలున్న రకం సీసాలోకి వచ్చింది. వాటి చేత కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్‌కు దోమకొక అణా చొప్పున ఇచ్చారు. ప్రపంచాన్ని మార్చిన ఆ పరిశోధన మన గుంటల్లో మొదలైంది, మనవాళ్ల చేతులతో మొదలైంది. ఇవాళ ఆ చేతుల వారసులను గుంట దగ్గరికి పోనివ్వని పరిస్థితి తెచ్చుకున్నాం.

నేను అడిగేది ఇదీ.

బోర్డు వారు: బోటనీ, జువాలజీ ప్రాక్టికల్స్ 30 మార్కుల్లో ఒక్కోదానికి 10 మార్కులు బయట చూసి రాసుకున్న నోటుబుక్కుకు ఇవ్వండి. తేదీ, చోటు, వేళ, చూసింది, సొంతంగా గీసింది. బొమ్మ వంకరైనా ఫర్వాలేదు, దించిందైతే సున్నా. ఏడాదిలో ఆరు పీరియడ్లు ఆరుబయట జరగాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఆ ఉత్తర్వు లేకపోతే మాలాంటివాళ్లకు కలిగే భయం మీకు తెలియదు. పిల్లకు కాలు బెణికినా, చీమ కుట్టినా లెక్చరర్ సొంత పూచీ మీద తీసుకెళ్లినట్టవుతుంది. ఆరుబయట క్లాసు కూడా క్లాసేనని మీరు కాగితం మీద రాస్తే, తీసుకెళ్లడానికి సిద్ధంగా ఉన్న లెక్చరర్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు.

పార్కుల వారు: ఒక కాలేజీకి ఏడాదికి ఒకే పేజీ అనుమతి, ఒకే చోట. ఉదయం నడిచేవాళ్లు వెళ్లిపోయాక, సాయంత్రం వాళ్లు రాకముందు పార్కులు దాదాపు ఖాళీగా ఉంటాయి. ఆ వేళ ప్రభుత్వ బడులకూ కాలేజీలకూ టికెట్ లేకుండా వదలండి. చెట్లకు పేర్ల పలకలు కట్టండి. పైన తెలుగు పేరు, పక్కన ఉర్దూ, కింద శాస్త్రీయ నామం. మా కాలేజీలో ఉర్దూ మీడియం పిల్లలు సగం మంది, వాళ్ల ఇళ్లలో ఈ చెట్లకు వేరే పేర్లున్నాయి, ఆ పేర్లూ పోకూడదు. పలకలు మా పిల్లల చేతే రాయించండి. పేరు రాసిన చెట్టును ఎవరూ విరవరు.

అటవీ శాఖవారు: కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి, మూడు జాతీయ ఉద్యానవనాలు నగరంలోనూ, నగరాన్ని ఆనుకునీ ఉండటం ఎన్ని ఊళ్లకు దక్కుతుంది? అక్కడ మీ బీట్ ఆఫీసర్ ఒకరు నెలకొకసారి పిల్లలతో గంటసేపు నడవాలి. అడుగుజాడ చూసి ఏ జంతువో, పెంట చూసి ఏం తిన్నదో చెప్పే చదువు ఏ గైడులోనూ దొరకదు. ఆ ఉద్యోగానికి కూడా పరీక్ష ఉందని, ఆడపిల్లలూ చేస్తున్నారని పిల్లలు మీ యూనిఫాం చూసి తెలుసుకుంటారు. కేబీఆర్‌లోని బండరాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటి మీద చెయ్యి వేసి నిలబడిన పిల్లకు భూగర్భశాస్త్రం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఉప్పల్ రోడ్డులో భూమి మీద పరిశోధన చేసే ఎన్‌జీఆర్ఐ ఎందుకుందో కూడా.

ముగ్గురూ కలిసి చేయాల్సింది ఒకటుంది. నగరంలోని పరిశోధన సంస్థలకు ఒక ఉత్తరం రాయండి. సెప్టెంబరు 26న, ఈ జాతీయ పరిశోధనశాలలను నడిపే సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం నాడు సీసీఎంబీ లాంటివి విద్యార్థులకు తలుపులు తెరుస్తాయి, అది మంచి పని. కానీ ఆ ఒక్క రోజు జనంలో మా పిల్లలు దూరం నుంచి పరికరాలను చూసి వస్తారు. అక్కడి పరిశోధక విద్యార్థులను నెలకొకరిని పార్కులోకి పంపమనండి. వాళ్లలో తెలుగు, ఉర్దూ మాట్లాడే పిల్లలు చాలామంది ఉన్నారు. నేనడిగిన ఏ ఒక్కరూ రానని అనలేదు.

అభ్యంతరాలు నాకు తెలుసు. పిల్లలు చెట్లు పాడుచేస్తారంటారు. మొదటిసారి కొందరు కొమ్మ విరుస్తారు, నిజమే. అది తమది అనిపించాక విరవరు. తమది అనిపించాలంటే రెండోసారి రానివ్వాలి. పాములంటారు. మా కాలేజీ వెనక చెత్తకుప్పలోనూ ఉన్నాయి, కనీసం అడవిలో జాగ్రత్తలు చెప్పేవాళ్లుంటారు. సిలబస్ పూర్తికాదంటారు. ఫాబేసికి నేను క్లాసులో మూడు పీరియడ్లు తీసుకుంటాను, తీగ దగ్గర ఒక్కటి చాలు. నీట్ మార్కులు తగ్గుతాయని తల్లిదండ్రులు భయపడతారు. వాళ్లతో మేం మాట్లాడతాం. నెలకు గంటసేపు బయట నడిచినందుకు పోయే మార్కులు ఉండవని, వచ్చే మార్కులు ఉంటాయని నాకు నమ్మకం.

డబ్బున్న బడులు పిల్లలను బస్సుల్లో అడవులకు తీసుకెళ్తాయి, గుడారాలు వేస్తాయి, నేచురలిస్టులను పెట్టుకుంటాయి. ఆ పిల్లలు సంతోషంగా ఉండాలి. మా పిల్లలకు ఆ బస్సు లేదు. ఇంటికీ కాలేజీకీ మధ్య ఉన్న పార్కే వాళ్ల అడవి, వాళ్ల ల్యాబు.

ఈ ఏడాది ఆరుద్ర కార్తె జూన్ మూడో వారం చివర్లో మొదలవుతుంది. కాలేజీలు అప్పటికే తెరిచి ఉంటాయి. కొత్త ఫస్టియర్ బైపీసీ పిల్లలు 50 మంది దాకా చేరతారు. తొలి వాన పడిన మర్నాడు వాళ్లను మట్టి ఉన్న ఏ పార్కుకైనా తీసుకురావడానికి నేను సిద్ధం. ఏ గేటు దగ్గరికి, ఎన్ని గంటలకు రమ్మంటారో చెప్పండి. ఆ మందుల దుకాణంలోని అమ్మాయిని కూడా అడిగాను. ఆ రోజు సెలవు పెట్టి వస్తానంది.

ఇట్లు,
ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాల బోటనీ లెక్చరర్,
హైదరాబాద్